దినారు లెక్క, ఇంటి లెక్క



రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాలలో కువైట్‌కు వెళ్లినవారు లేని ఊరు అరుదు. వానలు తప్పి, బోరు ఎండి, వేరుశెనగ చేతికి రాని ఏడు ఆ ఆలోచన రాని ఇల్లు కూడా అరుదే. 2024లో ఒక దినారుకు సుమారు 270 రూపాయలు వచ్చాయి. ఆ అంకె వినగానే మనము లెక్క ఆపేస్తాము. అసలు లెక్క అక్కడే మొదలవుతుంది.

గోపురము కట్టబోయేవాడు ముందుగా ఖర్చు చూసుకోవాలని ప్రభువు నేర్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. మనము కూడా కాగితము, పెన్సిలు తీసుకొని కూర్చుందాము.

మొదట మన ఊరు. 2024-25లో మన రాష్ట్రములో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. నెలకు 25 రోజులు అదే కూలి దొరికితే 7,500. అయితే అప్పట్లో ఆ పథకములో హామీ ఇంటికి ఏడాదికి 100 రోజులకే ఉండేది. మిగతా రోజులకు వానే ఆధారము.

ఇక కువైట్. ఇంటిపనివారికి కనీస జీతము 60 దినార్లని అక్కడి ప్రభుత్వము 2016లో నిర్ణయించింది. అంటే 16,200 రూపాయలు. తిండి, బస యజమానే ఇవ్వాలి. ఫోనుకు, సబ్బులకు 5 దినార్లు తీసివేస్తే 14,850 మిగులుతుంది. ఊరి కూలికి దాదాపు రెట్టింపు.

ఇప్పుడు అప్పు వేయండి. వీసాకోసమని ఒక సహోదరి లక్షన్నర రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకుందాము. మొదటి నెల వడ్డీయే 4,500. మిగిలినదంతా అప్పుకే కట్టినా, అది తీరడానికి ఏడాది దాటుతుంది. అంతవరకు పిల్లల తిండికి, బడికి ఇంటిదగ్గర మళ్లీ అప్పే.

మన దేశపు నిబంధన ప్రకారము లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, దానిపై పన్ను. మొత్తము 35,400. అదే సహోదరి అంతే అప్పు చేసి ఉంటే మూడు నెలల్లో తీరిపోయేది. జీతము మారలేదు, దినారు మారలేదు. మారినది అప్పు ఒక్కటే.

కంపెనీ పనికి వెళ్లే సహోదరులు ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2017లో అక్కడ ప్రైవేటు కంపెనీల కనీస వేతనము 75 దినార్లయింది. గది, తిండి సొంతమై వాటికి 40 దినార్లు పోతే మిగిలేది 35, అనగా 9,450 రూపాయలు. అందులో 4,500 వడ్డీకి పోతే 4,950. దీనికోసము భార్యాపిల్లలను విడిచి వెళ్లవలెనా?

కువైట్ వెళ్లవద్దని నేను చెప్పడము లేదు. ఆ డబ్బుతో ఇల్లు కట్టినవారు, బిడ్డలను చదివించినవారు మన మధ్యనే ఉన్నారు. అయితే సంతకము పెట్టకముందే అడగండి: ఏజెంటు లైసెన్సు నంబరేది? కట్టిన డబ్బుకు రసీదేది? జీతము, తిండి, బస ఒప్పందములో రాసి ఉన్నాయా? ప్రవాసీ భారతీయ బీమా చేయించారా? రెండేండ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసామీద పనికి పంపుతామనేవారిని నమ్మవద్దు.

సంఘ పెద్దలారా, లెక్కలు రాని కుటుంబాల పక్కన కూర్చొని ఈ లెక్క వేసిపెట్టండి. ప్రయాణానికి ముందు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవారు ఆ కాగితాన్ని కూడా వెంట తీసుకొని రండి.