పాత వీణ – క్రొత్త శిష్యురాలు



దసరా సమీపించుటతోడనే మన యిండ్లలో నొక మాట వినవచ్చుచుండును: "విజయదశమినాడు అమ్మాయికి సంగీతము మొదలు పెట్టింతము." ఆ వెంటనే రెండు ప్రశ్నలు పుట్టును. పాఠము చెప్పువారెవరు? వాద్యమెక్కడ దొరకును? నగరములలో నీ ప్రశ్నలకు పాఠశాలలును, అంగళ్లును ఉత్తరము చెప్పును. మావంటి చిన్న యూళ్లలో నట్లు గాదు. వీధి చివర తన యింటనే పాఠము చెప్పు నొక యమ్మగారు, వేరొక వీధిలో నటకమీద పాతచీర చుట్టి పెట్టిన యొక వీణ. తరచుగా మనకున్న సంపద యింతయే. ఈ సంపదను తెలిసి వాడుకొనువిధ మెట్టిదో యీ మాసమున ముచ్చటించుకొందము.

ఇంటిలో గురువును నియమించి బాలికకు కళ నేర్పించుట మనకు క్రొత్త యాచారము గాదు. విరాటపర్వకథ మీరందరు నెరిగినదే. బృహన్నల వచ్చి తనకు నాట్యగీతవాద్యములు తెలియునని చెప్పినప్పుడు విరటుడు మాటమాత్రమున నమ్మలేదు. నేర్పును పరీక్షింపజేసి, తృప్తిపడిన పిదపనే కూతురగు నుత్తర నప్పగించెను. ముందు పరీక్షించుట, అప్పగించిన పిదప గౌరవించుట: ఈ రెండును తల్లిదండ్రుల ధర్మములే. మనలో ననేకులు మొదటిదానిని సంకోచముచేతను, రెండవదానిని అశ్రద్ధచేతను విడిచిపెట్టుచున్నారు.

మొట్టమొదట చెప్పదగిన మాట యిది: ముందు గురువు, పిదప వాద్యము. వీణ చౌకగా వచ్చెనని కొని, తరువాత చెప్పువారికై వెదకుట, పలుపు కొని యావుకై తిరుగుటవంటిది. గురువు నెంచుకొనుటకు ఒక దినము పాఠము జరుగుచుండగా ప్రక్కన కూర్చుండి వినుడు. ఆమె పాఠమునకు ముందు శ్రుతి సరిచేయుచున్నదా? వాయించు స్వరమును పిల్లచేత నోటితోను పాడించుచున్నదా? ఒక్క వరుసను మూడు కాలములలోను నిలుకడగా చెప్పించుచున్నదా? తప్పినచోట విసుగక మరల మొదటినుండి చేయించుచున్నదా? ఈ నాలుగును గలచో బిరుదులు లేకున్నను కొరత లేదు. రెండవ మాసముననే కీర్తన నేర్పి చుట్టములయెదుట వాయింపజేయు గురువుకంటె, సరళీ వరుసలయొద్ద నోపికగా నిలుపు గురువు మేలు. మాయామాళవగౌళరాగముతో నారంభించి సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు, గీతములు అను క్రమమున నేర్పు పద్ధతిని పురందరదాసు (1484–1564) ఏర్పరచెనని సంగీతలోకము చెప్పుకొనుచున్నది. ఇన్ని తరములు నిలిచిన సోపానమును దాటవేయుటకు మన పిల్లలకేమి తొందర?

ఇందు మరియొక లాభమును గలదు. తొలి వరుసలను గాత్రముతో నేర్చుకొనవచ్చును. అందులకు శ్రుతిపెట్టె యొక్కటి చాలును. ఆ నాలుగైదు మాసములలో పిల్లకు నిజముగా నాసక్తి కలదో, తల్లి కోరికయే పిల్ల కోరికగా కనబడుచున్నదో తెలిసిపోవును. మంచి వాద్యమును వెదకుటకు వ్యవధియు దొరకును.

ఇక పాత వీణ సంగతి. 17వ శతాబ్దిలో తంజావూరేలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి. వీణకు 24 మెట్లను స్థిరముగా నమర్చిన కీర్తి ఆయనకే చెప్పుదురు. రాగము మారినప్పుడెల్ల మెట్లను జరుపనక్కరలేకపోవుట దాని ఫలము. వీణను పనసకర్రతో చేయుదురు. బొబ్బిలియొద్ద గొల్లపల్లిలోని పనివారు తరతరములుగా వీణలు చేయుచు, ఒకే మ్రానునుండి తొలిచిన యేకాండ వీణలకు పేరుపొందిరి. మంచి కర్ర సరిగా కాపాడినచో నేండ్లు గడచినంత మాత్రమున చెడదు. చెడునవి మైనము, తీగెలు, బిరడలు. కావున పాతదని జంకనక్కరలేదు. అందేది పాతబడినదో తెలిసికొనిన చాలును. గురువును వెంటబెట్టుకొని, పగటివెలుతురులో పోయి చూడవలెను. సెల్‌ఫోనులో వచ్చిన ఫోటో చూచి బేరము ముగింపరాదు. ఫోటోలో యాళిముఖము చక్కగా కనబడును, పగులు కనబడదు.

మొదట కర్రను చూడుడు. కుండను వ్రేలితో మెల్లగా తట్టిన గరగరలేని ధ్వని రావలెను. దండి కుండతో కలియుచోట అతుకు విడినదేమో, వ్రేలి గోటితో తడవి చూడుడు. సూదిబెజ్జములవంటి రంధ్రములును, వాని క్రింద సన్నని పొడియు నున్నచో పురుగు పట్టినదన్నమాట. ఎంత చౌకయైనను అది వలదు. వడ్రంగి కొయ్యవంకరను చూచునట్లు దండిని ఒక కొననుండి ఒంటికంటితో చూడుడు. దండి వంగిన వీణను బాగుచేయించుట మీవంతు గాదు, విడిచి రండు.

పిదప మెట్లు. కంచుమెట్లను తేనెమైనములో మసి కలిపిన నల్లని ముద్దపై నిలుపుదురు. మైనము ఏండ్లకు ఎండి బీటలువారును. వేడి తగిలిన మెత్తబడి మెట్టు జరుగును. గురువు విడితీగెను మీటి, వెంటనే పండ్రెండవ మెట్టుపై మీటినచో అదే స్వరము పైస్థాయిలో పలుకవలెను. పలుకకున్న మేళము మరల కట్టింపవలెను. దీనిని దోషముగా గాక ఖర్చుగా నెంచుడు. అయితే మేళము కట్టు నేర్పరులు ప్రతి యూరను లేరు. వారిని రప్పించుటకో, వీణను పంపుటకో యగు వ్యయమును ముందే విచారింపుడు. తీగెల రాపిడికి మెట్లపై లోతైన గాట్లు పడినవేమో కూడ చూడవలెను.

వాయించు తీగెలు నాలుగు, తాళపు తీగెలు మూడు: ఏడింటికిని బిరడలు తిరుగవలెను, తిప్పినచోట నిలువవలెను. జారు బిరడను మార్పించుట కష్టము గాదు. గుఱ్ఱముమీది రేకు అరిగి గాట్లు పడినచో నాదము మొద్దుబారును, దానిని సరిచేయించవచ్చును. ప్రక్కనుండు బుర్ర పగిలినదని దిగులుపడకుడు. వీణ ముఖ్యనాదము కుండలో నున్నది. తీగెలు లేని వీణకు మాత్రము వెల చెప్పకుడు. ఏడు తీగెలును బిగింపించి, అరగంట వాయింపజేసి, మరల శ్రుతి చూచిన పిదపనే మాట యిండు.

ఫిడేలు నేర్పింపదలచినవారికి చిన్న యూరు కొంత మేలే చేయును. చిన్నపిల్లలకు అరకొలత, ముప్పాతిక కొలత ఫిడేళ్లు వలయును. పిల్ల యెదిగినకొద్ది అవి చాలకపోవును. గురువు వద్దనున్న పెద్దపిల్ల విడిచిన ఫిడేలు చిన్నపిల్లకు సరిపోవును. పైపలకపై పగులు లేదనియు, లోపల నిలబెట్టిన చిన్నపుల్ల పడిపోలేదనియు, కమాను వంకరపోలేదనియు చూచుకొనుడు. హార్మోనియము కొనువారు ఏ మెట్టును నొక్కక తిత్తిని ఊదించి, గాలి యెక్కడనైన పోవుచున్నదేమో గమనింపవలెను. భజనకును, శ్రుతికిని అది యక్కరకు వచ్చును. కాని మన రాగములకు ప్రాణమగు గమకము దానిపై పలుకదు. ఇట్టి యాక్షేపణలచేతనే అఖిల భారత రేడియోవారు 1940లో దానిని నిషేధించి, 1971లో గాని సడలింపరైరి.

ఇంతవరకు వస్తువును గూర్చి చెప్పితిని. ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మన యూళ్లలో అమ్మకమునకు వచ్చు పాత వీణలలో ననేకము లొకప్పుడు ఆడపిల్లకై కొన్నవే. పదవతరగతి పరీక్షలని కొంతకాలము, పై చదువులని కొంతకాలము పాఠములు నిలిచిపోవును. పెండ్లియైన పిదప అత్తవారింట చోటులేదనియు, తీరికలేదనియు వీణ పుట్టినింటి యటకెక్కును. అట్టి వీణను చూడబోయినప్పుడు "వెల యెంత?" అని యడుగుటకు ముందు, "దీనిని వాయించిన దెవరు? ఆమెను అడిగితిరా?" అని యడుగుడు.

గడచిన యేట మా యూర నిట్లే జరిగినది. ఇల్లు ఇరుకనియు, చెదల భయమనియు ఒక తల్లి కూతురి వీణ నమ్మదలచినది. కొనవచ్చిన యిల్లాలు ఈ ప్రశ్న వేయగా, కూతునకు ఫోను చేసిరి. ఆమె కొంతసేపు మాటాడలేదట. పిదప, "అమ్మవద్దమ్మా! నా పిల్లకిప్పుడు రెండేండ్లు. దాని చేయి మెట్లకందువరకు వారి యమ్మాయిని వాయించుకొననిమ్ము. మేళమును, తీగెలను వారు చూచుకొందురుగాక, అద్దె వలదు" అని చెప్పినదట. సంక్రాంతికి పుట్టినింటికి వచ్చి, ఆ యింటికి పోయి, ఆరేండ్ల తరువాత వీణ నొడిలోనికి తీసికొన్నది. వ్రేళ్లు మొరాయించినవి గాని, వరుసలు మరపునకు రాలేదు. ఆ వీణ యిప్పుడొక యింట మేళము కుదిరి పలుకుచున్నది. యజమానురాలికి దూరమును గాలేదు.

అందరకు నిట్టి యేర్పాటు కుదురకపోవచ్చును. కుదిరినప్పుడు మాత్రము ఒక కాగితముపై నాలుగు మాటలు వ్రాసికొనుడు: ఎన్ని యేండ్లకు ఇచ్చిరి, మరమ్మతు ఎవరిది, పగిలిన నెవరు భరింతురు, ఎప్పుడు తిరిగి యియ్యవలెను. అది యపనమ్మకము గాదు. ఒకే వీధిలో నుండి ప్రతిదినము ముఖముఖములు చూచుకొనువారి స్నేహము చెడకుండుటకే ఆ కాగితము.

కొనుటయే నిశ్చయమైనచో వెలను న్యాయముగా కట్టుడు. క్రొత్తదాని వెల విచారించి, వాడుకకు కొంత తగ్గించి, మేళమునకును, తీగెలకును, బిరడలకును, రవాణాకును అగు ఖర్చును తీసివేయుడు. ఆ లెక్కను అమ్మువారియెదుటనే చదువుడు. భర్తపోయి చేతిలో డబ్బాడక అమ్మునామె వద్ద మరింత తగ్గించి కొనుట బేరమునందలి నేర్పు గాదు. ఆమె గతిలేనితనమును కొనుటయే. గురువు మీతో వచ్చి వాద్యమును పరీక్షించినందులకు ఆమె పూటకు తగిన సొమ్ము మీరే యిండు. అప్పుడామె యమ్మువారి మొగము చూడక ఉన్నదున్నట్లు చెప్పగలుగును. గురువే తన పాత వీణను శిష్యురాలికి అమ్మునప్పుడు వేరొక విద్వాంసునిచేత చూపించుటలో తప్పులేదు. మంచి గురువు దానికి కోపగింపదు.

గురుదక్షిణను గూర్చి కొంత నిష్ఠురముగా చెప్పక తప్పదు. మా వీధిలో గణితపాఠమునకు పిల్లలను పంపు తల్లులు ఒకటవ తేదీననే సొమ్ము పంపుచున్నారు. వారిలోనే కొందరు సంగీతపు టమ్మగారికి రెండు మూడు మాసములు బాకీపడుచున్నారు. ఆమె నోరు తెరచి యడుగదు. అడిగిన "విద్య నమ్ముకొనుచున్నది" అను మాట వచ్చునని భయము. పెరటి ఆనపకాయయు, పండుగనాటి జాకెట్టుగుడ్డయు ప్రేమకు గుర్తులు. జీతమునకు బదులు కావు. ఆమె మీ పిల్లకై వారమునకు రెండు సాయంకాలములు తన వంటను, తన బిడ్డలను ప్రక్కకు పెట్టుచున్నది. కావున చేరిననాడే మాటాడుకొనుడు: నెలకెంత, ఎన్ని పాఠములు, పిల్ల రాని దినమున నేమి, గురువు రాని దినమున నేమి. మానిపింపవలసివచ్చినచో ఒక మాసము ముందు చెప్పుడు. 1919లో విజయనగరమున విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసును ప్రథమాధ్యక్షునిగా నియమించెను. ఆ గురువులను రాజు పోషించెను. మన వీధిలోని గురువునకు మనమే రాజులము.

తుదకొక మాట. వీణ యింటికి వచ్చిన పిదప దానిని దాచకుడు. ఎండయు, పొయ్యివేడియు తగులని గోడప్రక్కన, పిల్ల చేతికందుచోట, పలుచని గుడ్డ కప్పి యుంచుడు. దినమునకు అరగంట చాలును. ఆ యరగంటలో "కొంచెము పప్పు చూచి రా" యని పిల్లను లేపకుడు. పెండ్లిమాటలు వచ్చుననాడు వీణవచ్చునని వరునివారికి చెప్పుకొనుటతో తృప్తిపడక, అది పిల్లతో వచ్చుననియు, దానికక్కడ నింత చోటు కావలయుననియు చెప్పుడు. ఆ మాట చెప్పగల తల్లి యింటి వీణ మరల నటకెక్కదు.