కృత్రిమ మేధయు, విద్యార్థుల స్వయంకృషియు

మన పై తరగతుల బాలబాలికలు కొందఱు ఇంటియొద్ద కంప్యూటరు విద్యను తమంతట తామే అభ్యసించుచున్నారు. ఇది శ్లాఘనీయము. అయితే కృత్రిమ మేధ యను సాధనము వారి చేతికి వచ్చిన పిమ్మట తలిదండ్రులలో రెండు పక్షములు బయలుదేఱినవి. దానిని ముట్టనే కూడదనువారు కొందఱు. పిల్లవాడు దాని యెదుట కూర్చున్నంత మాత్రమున చదువుచున్నాడని తలచువారు కొందఱు. ఈ యుభయులును పొరబడుచున్నారని నా యభిప్రాయము.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటినుండి ఇట్టి సాధనములు వ్యాసములు వ్రాయుచున్నవి, ప్రోగ్రాములు కూర్చుచున్నవి. తప్పు చెప్పునపుడును ఇవి తడబడవు. ప్రమాద మంతయు నందే యున్నది. ఒక విద్యార్థి వాని సాయమున వ్రాసి తెచ్చిన వ్యాసములో ప్రకాశం బ్యారేజిని కాటను దొర కట్టించెనని యుండెను. కాటను దొర 1899లోనే గతించెను. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, నేటి బ్యారేజి 1957లో ముగిసినది. కృష్ణయొడ్డున పుట్టి పెరిగిన బాలునికి ఈ తప్పు కంటబడకపోవుట నాకు మిక్కిలి వింతగా తోచినది.

చరిత్రలోని తప్పును దిద్దవచ్చును. సర్వరుపై తప్పుటాజ్ఞ నిచ్చినచో నెలల శ్రమ నిమేషములో నశించును. లైనక్సునందు ‘ఆర్ ఎమ్’ అను రెండక్షరముల యాజ్ఞ ఫైళ్లను చెఱిపివేయును. వానిని చెత్తబుట్టలోనైనను దాచదు. కావున కృత్రిమ మేధ చెప్పిన యాజ్ఞను అర్థము తెలియక టైపు చేయరాదు. ‘మాన్’ అని వ్రాసి, దాని ప్రక్కను ఆ యాజ్ఞ పేరు వ్రాసినచో యంత్రమే వివరమును చూపును. ఈ పుటలను చదువు నోపిక మన పిల్లలకు తక్కువ.

సర్వరనగానే అద్దెకు తీసికొన నక్కఱలేదు. ఇంటనున్న పాత కంప్యూటరులో లైనక్సు నెక్కించి, వేఱొక గదిలోని యంత్రమునుండి ఎస్.ఎస్.హెచ్. పద్ధతిని దానిలో ప్రవేశింపవచ్చును. పాస్‌వర్డులు దొంగిలింపబడుట చూచి, 1995లో ఫిన్లాండు దేశస్థుడు తాతు యిలోనెన్ ఈ పద్ధతిని కల్పించెను. దీనికి జంట తాళపుచెవులు కలవు. బహిరంగపు చెవిని సర్వరులో నుంచవలయును. రహస్యపు చెవిని ప్రాణమిత్రునికి గాని కృత్రిమ మేధకు గాని చూపరాదు. తరువాత నెప్పుడైన సర్వరును అద్దెకు తీసికొన్నచో, పని ముగియగనే దానిని తొలగింపుడు. చేను తడిసిన పిమ్మట తూము మూయని రైతునకు నీరు వృథా యగును. ఇచ్చట తండ్రిగారి రూకలు వృథా యగును.

మన యూళ్లలో కరెంటు పోవుట క్రొత్త గాదు. అద్దెకు తీసికొన్న సర్వరుమీద ‘టీమక్స్’ లోపల పని ప్రారంభించినచో, మన యింట దీపమాఱినను అచ్చట పని సాగుచునే యుండును. ఇక 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగరు మునిగినపుడు ఇండ్లలోని పుస్తకములును యంత్రములును ఏమైనవో ఎఱిగినవారికి, వ్రాసినదాని ప్రతి యొకటి దూరమున నుండవలయునని వేఱుగ చెప్పనేల?

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున గొప్ప డేటా కేంద్రమును స్థాపింతునని ప్రకటించినది. అట్టి చోట్ల కావలసినవాడు జవాబును ఎత్తి వ్రాయువాడు కాడు. నడిరేయి యంత్రము నిలిచిపోయినపుడు కారణమును వెదకగలవాడు. ఆ శక్తి యెట్లబ్బును? మొదట అరగంట తానే ప్రయత్నింపవలయును. యంత్రము చూపిన దోషవాక్యమును పూర్తిగ చదువవలయును. అప్పటికిని తోచనిచో, జవాబు చెప్పక నా పొరపాటున్న చోటు మాత్రము చూపుమని కృత్రిమ మేధ నడుగవచ్చును. అట్లడిగినచో నది మంచి సహాయోపాధ్యాయుడే. ఎన్నిమాఱు లడిగినను విసుగుకొనదు, అందు మాకంటె మేలు.

తలిదండ్రులారా, మీకు కంప్యూటరు తెలియ నక్కఱలేదు. నిన్న చేసినదానిని ఆ సాధనము లేకుండ నేడు మరల చేసి, ఒక్కొక్క పంక్తి యేల వ్రాసెనో తెలుగున చెప్పుమని మీ బిడ్డ నడుగుడు. చెప్పగలిగినచో సాధనమును వానియొద్దనే యుండనిండు. చెప్పలేనిచో వారము దినములు దాచిపెట్టి, మరల నడుగుడు.