హస్తవాసి సరే, లెక్క అడిగారా?
ఆళ్లగడ్డలో రాతి విగ్రహం చేయించాలంటే ఆ శిల్పి అంతకుముందు చెక్కినవి చూసొస్తాం. ప్రోస్టేట్ పెరిగి నంద్యాలకు ఆపరేషన్‌కొచ్చే పెద్దాయన మాత్రం బీపీ, షుగర్ చూపించుకుని ఫిట్‌నెస్ కోసం నా ముందు కూర్చున్నప్పుడూ ‘డాక్టరు హస్తవాసి మంచిదంట సార్’ అంటాడు, అంతే.

సర్జన్‌ను అడగండి. ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? ఎందరికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది? తర్వాత మూత్రం ఆపుకోలేనివారు ఎందరు? మూత్రనాళం గుండా చేసే టీయూఆర్‌పీ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి పోతుంది. ప్రమాదమేమీ లేదు గానీ, ముందే చెప్పకపోతే మనిషి కుంగిపోతాడు, ఇంట్లోనూ చెప్పుకోలేడు.

కష్టమైన కేసులు తీసుకునే సర్జన్ లెక్కలో ఇబ్బందులూ ఎక్కువే కనిపిస్తాయి, అదీ గమనించాలి. అడిగినందుకే విసుక్కుంటే మాత్రం కర్నూలులో మరొకరికి చూపించుకోండి. బస్సు ఛార్జీ దండగేం కాదు.