క్రొత్తగా వచ్చిన పెద్దలకు సంఘములో చోటు

ఉద్యోగము చాలించిన దంపతులు ముదుసలి తల్లిని వెంటబెట్టుకొని పరాయి యూరికి కాపురము వచ్చినప్పుడు అచటి క్రైస్తవ సంఘము వారిని చేర్చుకొనవలసిన రీతి యెట్టిది? ఈ ప్రశ్న మన సీమవారికి దూరమైనది కాదు. కలమల్ల చెంత రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము 1994లో పని ప్రారంభించినది మొదలు, ఉద్యోగార్థమై యిచటికి వచ్చుటయు, ఆ కాలము ముగియగానే బిడ్డలుండు పట్టణములకు తరలిపోవుటయు మనము చూచుచునే యున్నాము. అట్టివారికి క్రొత్త యిల్లు దొరకుట సులభము. క్రొత్త సంఘము దొరకుట కష్టము.

అనేక సంఘములలో జరుగునది యేమనగా: మొదటి యాదివారమున వచ్చినవారి పేళ్లు చదివి పూలమాల వేయుదురు. రెండవ యాదివారమున కుశల మడుగుదురు. మూడవ యాదివారమున వారు వచ్చిరో రాలేదో యెరిగినవారుండరు. ఇది మర్యాదయే గాని చేర్చుకొనుట కాదని మా యభిప్రాయము.

ఈ విషయమున, మార్మనులని లోకము పిలుచు కడవరి దిన పరిశుద్ధుల సంఘమువారి యాచారములు కొన్ని పరిశీలింపదగినవి. వారి సిద్ధాంతములకును మన మిషను బోధకును గల భేదములు పెక్కు. వాని నిచట చర్చింపము. వారి స్థానిక సంఘములలో పెద్దగా నుండువాడు జీతము గొనడు. సభ్యులే పనులను పంచుకొందురు. ఎవరు ఏ సంఘమునకు చెందుదురో వారి నివాసమునుబట్టి నిర్ణయమగును. క్రొత్తవారి పేరు సభలో చదివినప్పుడు కూడినవారందరు చేయెత్తి వారిని అంగీకరింతురు. పిమ్మట ఆ కుటుంబమును కనిపెట్టి చూచు బాధ్యత ఫలానివారిదని పేరుపేరున నొప్పగింతురు. వచ్చినవారికిని ఏదో యొక పని నప్పగింతురు. చేయెత్తుట చిన్న సంగతియే. అయినను పదిమంది యెదుట నెత్తిన చేయి రేపు ఆ యింటి తలుపు తట్టకున్న సిగ్గుపడవలసినదే గదా!

ఈ సంఘము తెలుగువారిలో వేరూనిన వృత్తాంతము కూడ మన ప్రశ్నకు సంబంధించినదే. సమోవా దీవులలో ఆ సంఘమున చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అను తెలుగు దంపతులు 1978లో హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధింపగా 22 మంది బాప్తిస్మము పొందిరి. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసముగారు బాప్టిస్టు బోధకులు. మార్మను గ్రంథమును తెలుగు చేయు పని వారికే యొప్పగింపబడెను. కుమార్తె తెచ్చిన క్రొత్త మార్గములో తండ్రికి దొరకినది మూలనున్న కుర్చీ కాదు, కలము! తరువాత 2012లో, పెక్కు స్థానిక సంఘములు కలిసి యేర్పడు స్టేకు అను విభాగము భారతదేశమున మొట్టమొదట హైదరాబాదుననే స్థాపింపబడినది.

ఇక ఆ ముదుసలి తల్లి మాట. దంపతులను పలుకరించి, జేజికి నమస్కరించి యూరకుండుట లోకాచారము. ఆమె యెవరి వెంటనో వచ్చిన మనిషి కాదు; తానుగా నొక విశ్వాసి. పట్టణములలో ఆరాధన ఆంగ్లమున జరుగుచోట ఆమె వినుచున్నట్లు కనబడును గాని ఆమెకు దొరకున దేమియు లేదు. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడైన ఎరికల్ముత్తురాజు ధనంజయుని కాలమున కలమల్లలో వేయించిన శాసనము, మనకు లభించిన తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనదని పండితు లందురు. రాజశాసనమే జనుల భాషలోనికి దిగివచ్చిన గ్రామము మనది. దేవుని వాక్యము ఒక వృద్ధురాలి కొరకు ఆమె భాషలోనికి దిగివచ్చుట తగదా?

వృద్ధులకు విశ్రాంతి కావలెను గాని పని యేల యని కొందరు అడుగవచ్చును. బరువు మోపుమని మేము చెప్పుట లేదు. నడువలేని తల్లి పాత కీర్తనల రాగములను బాలికలకు నేర్పగలదు. పదవీ విరమణ పొందిన యింజనీరు సాయంకాలము పదవ తరగతివారికి లెక్కలు చెప్పగలడు. ఆయన భార్య రోగుల నింటికి పోయి పలుకరింపగలదు. విశ్రాంతి శరీరమునకు మేలు చేయును. ఎవరికిని అక్కరలేని వారమైతిమను తలంపు ప్రాణమును క్రుంగదీయును.

కావున విద్యార్థులారా, మీ బల్లపై క్రొత్త యవ్వ కూర్చుండినయెడల ఆమె పేరడిగి, కీర్తన సంఖ్యను తెరచి చూపుడు. తల్లిదండ్రులారా, నాలుగవ యాదివారమున ఆ కుటుంబము రానియెడల మధ్యాహ్నమే వారి యింటికి పొండు. సంఘ పెద్దలారా, ఆ బాధ్యత యెవరిదో పేరు వ్రాసి యుంచుడు. అందరి పనియైనది ఎవరి పనియు కాదు.