పాలు పొంగితే పొంగనీ

ఈ మధ్య ఒక సాహిత్య సదస్సులో, మధ్యాహ్నం భోజనాల దగ్గర, రాత్రి నిద్రపోలేదా అని ఎవరో అడిగితే దాచకుండా నిజం చెప్పేశాను. వీడియోగేమ్ ఆడుతూ కూర్చున్నానని, అందులో ఒక కొండ ఎక్కడం కుదరక మూడింటిదాకా దాంతోనే సరిపోయిందని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనెంతో గౌరవించే ఒక సీనియర్ రచయిత్రి మాత్రం నవ్వలేదు. "సారా ఉద్యమం పుట్టిన జిల్లా పిల్లవి. పీహెచ్‌డీ చేశావు. నీకేమిటమ్మా ఈ వ్యసనం?" అన్నారు. పదిమందిలో పెద్దావిడకి ఎదురు చెప్పడం ఇష్టంలేక అప్పటికి ఊరుకున్నాను. కానీ ఆ మాట ఆవిడ ఒక్కరిదే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పనిలేదు. మన సభల్లో, మన ఇళ్ళల్లో, మన మనసుల్లో కూడా తిరుగుతున్న మాట అది. అందుకే జవాబు ఇక్కడ చెప్తున్నాను.

ముందు 'వ్యసనం' సంగతి తేల్చుకుందాం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు వాళ్ళ పోరాటం దేనిమీద? కూలి డబ్బులు పొద్దుగూకేసరికి సారా కొట్టుకి చేరడం మీద. తాగొచ్చిన మొగుడి తన్నుల మీద. ఆ అమ్మకంతో ఖజానా నింపుకునే ప్రభుత్వం మీద. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆ ఆడవాళ్ళు కదిలారు కాబట్టే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వ్యసనానికి ఒక లెక్క ఉంటుందని మాకు నేర్పింది వాళ్ళే. ఎవరి డబ్బు పోయింది, ఎవరి ఒళ్ళు హూనమైంది, ఎవరి పిల్లలు పస్తున్నారు అన్నదే ఆ లెక్క. ఆ లెక్క వేసి చూడకుండానే, తన రాత్రి తను గడుపుకున్న ఒక స్త్రీమీద ఆ మాట విసరడం ఆ ఉద్యమానికి గౌరవమేమీ తెచ్చిపెట్టదు.

ఆటలకి బానిసలైపోయేవాళ్ళు లేరని నేననడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతని తన రోగాల వర్గీకరణలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆటమీద అదుపు తప్పడం, మిగతా బతుకంతా ఆట వెనక్కి పోవడం, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఒక ఏడాదిపాటు సాగడం - ఇవీ దాని లక్షణాలు. ఒక రాత్రి కొండెక్కడం అందులోకి రాదు. ఇక డబ్బు పెట్టి ఆడే రమ్మీల మీద నాకూ కోపమే. వాటిని ఆపడానికి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటల్ని ఒక గాటన, మిగతా ఆటల్ని ఇంకో గాటన కట్టింది. జూదానికీ ఆటకీ ఉన్న ఈ తేడా మన అవ్వలకి ఏ చట్టమూ చెప్పక్కర్లేకపోయింది. పేకాటరాయుళ్ళని తిట్టిన నోటితోనే చింతగింజలు లెక్కపెట్టుకుంటూ మధ్యాహ్నాలు వామనగుంటలు ఆడారు.

కాబట్టి అసలు అభ్యంతరం వేరే ఉందని నా అనుమానం. ఆడది దేంట్లోనైనా పిలిచినా పలకనంతగా మునిగిపోవడం ఎవరికీ నచ్చదు. ఆ మునక వల్ల ఎవరికీ ఉపయోగం లేకపోతే మరీ నచ్చదు.

మా అమ్మ అల్లూరులో నవలలు అద్దెకి తెచ్చుకుని చదివేది. యద్దనపూడి సులోచనారాణి నవలైతే బియ్యం డబ్బా వెనక దాచిపెట్టుకునేది. మా అవ్వ కంటపడకుండా ఆ జాగ్రత్త. "నవల పట్టిందంటే పాలు పొంగినా పట్టదు దీనికి" అని అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. 1960లు, 70లలో వారపత్రికల సీరియళ్ళుగా ఇంటింటికీ వెళ్ళిన ఆ నవలల్ని విమర్శకులేమన్నారో మనకి తెలుసు. కాలక్షేపమన్నారు, పలాయనవాదమన్నారు, ఆడవాళ్ళని కలల్లో ముంచుతున్నాయన్నారు. వాటి గిరాకీ చూసి మగవాళ్ళు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు, అది వేరే కథ.

ఆ నవలల్లో ఏముంది అన్న ప్రశ్న పక్కనే, వాటిని చదువుతూ ఆ పాఠకురాలు ఏం చేస్తోంది అన్న ప్రశ్న కూడా వెయ్యాలని నేర్పింది స్త్రీవాద విమర్శే. జానిస్ రాడ్వే 1984లో ప్రచురించిన 'రీడింగ్ ద రొమాన్స్'లో ఒక అమెరికన్ పట్టణంలోని రొమాన్స్ పాఠకురాళ్ళతో మాట్లాడి చెప్పింది అదే. పుస్తకం తెరవడమంటే ఈ కాసేపు నన్ను పిలవొద్దని ఇంటికి చెప్పడం. కథలో పితృస్వామ్యం నిండుగా ఉండొచ్చు, ఆ కథ చదవడానికి కూర్చోవడంలో మాత్రం చిన్న ధిక్కారం ఉంది. రాడ్వేని మనం క్లాసులో పాఠం చెప్తాం. అదే ప్రశ్న ఆటకి వెయ్యమంటే మాత్రం మనకి మనసొప్పదు.

మా ఇంటికి వీడియోగేమ్ 1990ల చివర్లో వచ్చింది. టీవీకి తగిలించుకునే నింటెండో నకలు డబ్బా, దాంతోపాటు పసుపురంగు క్యాసెట్లు. అన్న కోసం కొన్నారు. అన్న ట్యూషన్‌కి వెళ్ళినప్పుడు నాది. మారియోతో ఎంత దూరం వెళ్ళినా ఆటని అక్కడ దాచుకునే వీలుండేది కాదు, కరెంటు పోతే మళ్ళీ మొదటికే. అల్లూరులో వేసవి కరెంటు గురించి చెప్పక్కర్లేదు. అయితే కరెంటు కంటే ఎక్కువసార్లు నన్ను మొదటికి తెచ్చింది వంటింట్లోంచి వచ్చే కేక. "ఏందమ్మే, ఇంకా ఆ బొమ్మల కాడే ఉండావా? పొయ్యి మింద పాలు పెట్టినా, చూడు!" అన్న ఆడుతున్నప్పుడు ఆ కేక వినబడేది కాదు. అన్న కోసం మా ఇంట్లో పాలు ఎన్నడూ పొంగలేదు. నవల చదివి తిట్లు తిన్న అమ్మే నన్ను పిలిచేది. ఆమెని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. తనకి దక్కని గంట కూతురికి దక్కుతుందని ఆమె నమ్మలేకపోయింది, అంతే. నాకు మాత్రం ఆటలో ఓడిపోవడం కంటే ఆటలోంచి లేచిపోవడమే బాగా అలవాటైంది.

ఆ కేక లెక్క ప్రభుత్వం దగ్గరుంది. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనిలో ఆ పని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు గడిపారు, చేసే కొద్దిమంది పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో స్త్రీల నిమిషాలు 289 అయ్యాయి. అయిదేళ్ళలో మనకి మిగిలింది పది నిమిషాలు. మిగతా సమయమైనా ముక్కలు కాకుండా దొరుకుతోందా అన్నది ఆ అంకెల్లో కనబడదు. పాల మీద ఒక కన్ను వేసి చదివిన గంటని ఏ గడిలో రాసుకుంటారు?

ఇక నన్ను మూడింటిదాకా కూర్చోబెట్టిన ఆట పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'. 2017లో వచ్చింది. అమెరికాలో ఉంటున్న అన్న తెచ్చిచ్చిన స్విచ్ మీద ఆడుతున్నాను. అందులో లింక్ అనే కుర్రాడు వందేళ్ళ నిద్రలోంచి లేస్తాడు. ఆ తర్వాత ఎటు పోవాలన్నది చాలావరకు మన ఇష్టం. కనబడిన కొండల్లో దాదాపు దేన్నైనా ఎక్కొచ్చు. ఎక్కుతుంటే పక్కన ఒక పచ్చటి వలయం తరిగిపోతూ ఉంటుంది, అదే అతని సత్తువ. అది అయిపోతే పడిపోతాడు. వాన వస్తే రాయి జారుతుంది. ఆ రాత్రి నాకు పట్టుకున్నది వానే. సగం ఎక్కాక, కాలు మోపేంత చోటున్న ఒక అంచుమీద అతన్ని నిలబెట్టి వాన వెలిసేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఆ కూర్చోవడంలో ఏముందో చెప్పాలి. పరిశోధన మొదలైన దగ్గర్నుంచి చదవడం నాకు పనైపోయింది. ఏ నవల తెరిచినా చేతిలో పెన్సిల్, పేజీ అంచున నోట్సు, తలలో రాయబోయే పేపరు. ఆటలో అవేవీ ఉండవు. వేళ్ళు, గాలి చప్పుడు, తడిసిన కొండ, అంతే. పడితే నేనే పడతాను. ఎందుకు పడ్డానో నాకే తెలుస్తుంది. మళ్ళీ ఇంకో పక్కనుంచి మొదలుపెడతాను. ఓర్పు ఆడదాని గుణమని మనకి ఉగ్గుపాలతో పోశారు గదా, ఇతరుల కోసం కాకుండా నాకోసం ఓర్పు పట్టడం ఎలా ఉంటుందో నేను ఆ అంచుమీద తెలుసుకున్నాను. స్విచ్‌కి ఒక బటన్ ఉంది. అది నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది, లేపితే అదే అంచుమీద లేస్తుంది. చిన్నప్పుడు నా దగ్గర లేని బటన్ అది. మంచిదే. కానీ ఆ బటన్ పిలుపుని ఆపదు, పిలుపుకి లేచి వెళ్ళడాన్ని సులువు చేస్తుంది.

ఆ ఆటల్లో ఆడవాళ్ళ మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా. ఆట పేరేమో జెల్డా, మనం ఆడేది లింక్‌గా. యువరాణి కోటలో వందేళ్ళుగా రాక్షసుణ్ణి నిలువరిస్తుంటుంది, ఊళ్ళు తిరిగేది మగపిల్లాడు. 1986లో వచ్చిన 'మెట్రాయిడ్'లో కవచం వెనకున్న వీరుడు స్త్రీ అని చివర్లో తెలుస్తుంది. ఎంత త్వరగా ఆట ముగిస్తే అంత తక్కువ బట్టలతో కనిపిస్తుంది. ఆటగాడికి బహుమానం ఆమె ఒళ్ళే. 1996 నాటి లారా క్రాఫ్ట్ శరీరం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2014లో గేమర్‌గేట్ పేరుతో ఆటలు తయారుచేసే స్త్రీల మీద, విమర్శించే స్త్రీల మీద బెదిరింపులు వెల్లువెత్తాయి. ఆటల్లో స్త్రీల చిత్రణని విమర్శించిన అనితా సర్కీసియన్ ఆ ఏడాది అక్టోబరులో, కాల్పులు జరుపుతామన్న బెదిరింపు వచ్చాక, యూటా స్టేట్ యూనివర్సిటీలో తన ప్రసంగాన్ని రద్దు చేసుకోవాల్సివచ్చింది.

ఆ మగవాళ్ళు ఆ స్త్రీలతో అన్నది ఒకటే. ఈ ఆటలు మీవి కావు, పొండి. ఇక్కడ మన సభల్లో ఇవి మనవి కావు, రండి అని మనమే వెనక్కి పిలుస్తున్నాం. రెండుచోట్లా ఖాళీ అయ్యేది ఒకే కుర్చీ. 1982లో 'రివర్ రెయిడ్' తయారుచేసిన కారల్ షా ఆ కుర్చీలో కూర్చుంది. జెల్డా కథలు మొదలైన 1986 నుంచి 38 ఏళ్ళు గడిచాక, 2024లో వచ్చిన 'ఎకోస్ ఆఫ్ విజ్డమ్'లో యువరాణి తనే బయల్దేరింది. ఆ ఆటకి దర్శకత్వం వహించినవాళ్ళలో ఉన్న తొమొమి సానో ఆ పరంపరలో మొదటి మహిళా దర్శకురాలు. 2020లో పూణేవాళ్ళు తయారుచేసిన 'రాజీ'లో తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళేది ఆడపిల్ల. వీటిలో ఏది మెచ్చుకోవాలో ఏది ఏకిపారెయ్యాలో తేల్చాలంటే ముందు ఆడాలి. పుస్తకం చదవకుండా సమీక్ష రాసేవాళ్ళని మనం క్షమించం గదా!

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని తప్పించుకుని ఈ వ్యాసం ముగిస్తే నాకు నిద్రపట్టదు. ప్లేస్టేషన్ 5 మనదేశంలోకి 2021లో వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అల్లూరు చుట్టూ రొయ్యల చెరువులున్నాయి, ఇసకపల్లి వైపు ఉప్పు మడులున్నాయి. రొయ్యలు ఒలిచి వేళ్ళు పాసిపోయిన ఆడమనిషి ముందు నిలబడి నా కొండ కథ చెప్పగలనా? చెప్పలేను.

అంతదూరం కూడా పోనక్కర్లేదు. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆడుతుంటే, అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. అడవి గుర్రం లింక్‌ని విసిరికొట్టడం చూసి "అది నీ మాట ఇంటదా?" అంది. నిమిరి బుజ్జగిస్తే వింటుందని చూపించాను. కంట్రోలర్ ఇస్తే తీసుకోలేదు. కాసేపు చూసి, "ఆడుకోమ్మే, పొయ్యి నేను చూసుకుంటాలే" అని లోపలికి పోయింది. ఆమె నుంచి నేను ముప్పయ్యేళ్ళుగా వినాలనుకున్న మాట అది. అరగంట సంతోషంగా ఆడాక గానీ తట్టలేదు, ఆ గంట అమ్మ ఖాతాలోంచి వచ్చిందని. ఊళ్ళో నా గంటలు మా ఇంటికి పనికొచ్చే ఆమె ఖాతాలోంచి వస్తున్నాయి, చిన్నప్పుడు అన్న గంటలు నా ఖాతాలోంచి వచ్చినట్టే.

అయితే నా గంట వదిలేస్తే సరిపోతుందా? అది అమ్మకి చేరదు. మన అమ్మలు చదవడం మానేసిన నవలల గంటలేవీ రొయ్యలు ఒలిచే ఆమెకి చేరలేదు. ఇల్లే మింగేసింది. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన కార్మికులు నిద్రకి ఎనిమిది గంటలు, తమ ఇష్టానికి ఎనిమిది గంటలు అడిగారు. ఆ ఇష్టం ఏమిటో యజమానికి సంజాయిషీ చెప్పుకోలేదు. స్త్రీల తీరికకి మాత్రం మనమే ప్రయోజనం అడుగుతున్నాం. చదివితే చైతన్యం రావాలి, కూడితే ఉద్యమం కావాలి, ఊరికే కూర్చుంటే వ్యసనం. కూలి పెంచమని, మరుగుదొడ్లు కట్టమని అడిగే మన డిమాండ్ల పత్రాల్లో ఉత్త తీరిక కూడా ఒక డిమాండ్‌గా ఉండాలి. పాలగిన్నె దగ్గరికి ఇకనుంచి అన్నల్నీ నాన్నల్నీ మొగుళ్ళనీ పిలవాలి. వాళ్ళు రాకపోతే పాలు పొంగుతాయి. పొంగనీ. పొయ్యి తుడవడం వాళ్ళకీ వస్తుంది.

అక్కా, ఆ రోజు మీరు నన్నొక ప్రశ్న అడిగారు. నాదీ ఒకటుంది. ఎవరూ పిలవకుండా, దేనికీ పనికిరాకుండా, మీరు ఆఖరిసారి ఒక గంట గడిపిందెప్పుడు? నెల్లూరుజిల్లా పిల్లగానే అడుగుతున్నాను. లెక్కలడగడం మా ఊళ్ళ ఆడవాళ్ళే నాకు నేర్పారు.