అన్నీ నెట్లో ఉన్నాయట!

“అన్నీ నెట్లోనే దొరుకుతున్నాయి కదండీ, ఇంకా లైబ్రేరియన్ ఎందుకు?”

మా బడి యాజమాన్యం ఈ ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగలేదు. మొన్న మార్చి నెలాఖరున మా గ్రంథపాలకురాలిని పంపించివేసింది. గ్రంథాలయపు గది పరీక్షల విభాగానికి దక్కింది. బీరువాల తాళంచెవులు గుమాస్తాగారి సొరుగులోకి చేరాయి. ఆనాడు స్టాఫ్‌రూములో ఎవ్వరమూ నోరు మెదపలేదు. మాటలే జీవనాధారమైన తెలుగు పండితుణ్ణి, నేనూ మెదపలేదు. అప్పుడు చెప్పవలసిన జవాబు ఆలస్యంగానైనా ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఆవిడ చేసిన పనేమిటో చెప్పాలి. ప్రతి శుక్రవారం స్టాఫ్‌రూము గోడకు ఒక కాగితం అంటించేవారు. అందులో ఒకే ఒక్క వనరు. అది ఏ తరగతిలో ఏ పాఠానికి పనికొస్తుంది, ఎలా తెరవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి, అంతే. విద్యుత్ వలయాల పాఠం రాబోతోందనగా కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ అనుకరణ ప్రయోగాలను భౌతికశాస్త్రం మాస్టారికి చూపించారు. మా బడిలో నెట్ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు గనుక ముందే దించి పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చారు. ఆరో తరగతికి వచ్చినా ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లల కోసం, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లోని తెలుగు కథలను పఠన స్థాయిని బట్టి ఏరి అచ్చు తీయించారు. అలా అచ్చు తీయవచ్చునా అని జంకిన మాకు, రచయిత పేరు, చిత్రకారుల పేరు, లైసెన్సు వివరం ఉంచితే నిరభ్యంతరంగా తీయవచ్చునని ఆ లైసెన్సు చూపించి మరీ చెప్పారు.

ఇక నా సంగతి. ఇరవై ఏళ్ళుగా నా ప్రశ్నపత్రాలన్నీ డీటీపీ కొట్టులో, అను ఖతుల్లోనే తయారయ్యేవి. ఆ ఫైలు మరో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. పాత ప్రశ్న ఒకటి వెతుకుదామంటే దొరకదు. “తెర మీద తెలుగులా కనిపిస్తోంది గానీ, లోపల ఉన్నది తెలుగు కాదు మాస్టారూ” అన్నారావిడ. వారం రోజులు మధ్యాహ్నపు విరామంలో పక్కన కూర్చుని యూనికోడులో టైపు చేయడం నేర్పారు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ దారిన ఎప్పుడో నడిచి వచ్చినవారే. యాభయ్యో పడిలో నాకు కలిగిన ఆ సంబరాన్ని మీకు వేరే వర్ణించనక్కరలేదు.

ఒకరోజు మా సహోపాధ్యాయుడొకరు కృత్రిమ మేధను అడిగి ఒక ‘వేమన పద్యం’ తెచ్చారు. చక్కని నీతి, చివర మకుటం, అన్నీ ఉన్నాయి. ఆవిడ దాన్ని నా ముందుంచి గణాలు కట్టమన్నారు. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే ఉండాలి. మూడు చోట్ల తప్పింది. తరవాత వికీసోర్సు తెరిచి, మూలం ఎక్కడుందో చూపమన్నారు. దొరకలేదు. లేకపోతే ఆ పద్యం నలభై మంది పిల్లల నోట్సుల్లోకి, అక్కడినుంచి నలభై ఇళ్ళలోకి వేమన పేరుతో వెళ్ళి ఉండేది.

ఆవిడ చూపినవన్నీ నెట్లో ఉన్నవే. నిజం. కానీ అవి అక్కడున్న ఇన్నేళ్ళలో వాటి జాడ మాకెవ్వరికీ తెలియలేదు. ఉండటానికీ అందడానికీ మధ్యనున్న దూరం ఒక మనిషి నడిస్తేనే తరుగుతుంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో నాలుగోది, పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పి, ఇంటికి దిద్దుబాటు మోసుకుపోయే ఉపాధ్యాయుడు కూడా పాఠకుడేనని మనం మరచిపోయాం.

పైగా నెట్లో ఉన్నదంతా అక్కడే ఉండిపోదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు 2010ల రెండో సగంలో మూతపడింది. అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే, కొందరు శ్రద్ధగా వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చినందువల్లనే. తనంతట తానుగా ఏదీ నిలవలేదు.

యాజమాన్యాలను మాత్రమే నిందించి లాభం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలంది. వార్తాపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలకు, వ్యాయామానికి, పనివిద్యకు పాక్షికకాల బోధకుల్ని పెట్టమంది. గ్రంథపాలకుడి ఊసు మాత్రం ఎత్తలేదు. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకం ప్రభుత్వ బడుల గ్రంథాలయాలకు ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రాంటు ఏర్పరిచింది. పుస్తకాలు కొనడానికి డబ్బుంది. తెరిచి ఇవ్వడానికి మనిషి లేడు. కేంద్రీయ విద్యాలయాల్లో ఈ ఉద్యోగం ఉన్నప్పుడు, మన ఊరి బడిలో అది విలాసం ఎలా అవుతుంది?

ఎదుటివారి వాదనలో సత్యం లేకపోలేదు. పుస్తకాల జాబితా రాసుకుంటూ, రోజుకు నలభై లంకెలు వాట్సాప్‌లో కుమ్మరించి అదే సేవ అనుకునే గ్రంథపాలకులూ ఉన్నారు. వారి పక్షాన నేను వాదించను. చూడకుండా పంపిన లంకె, చదవకుండా పంచిన పుస్తకంతో సమానం. కానీ చెడ్డ ఉపాధ్యాయుడు ఉన్నాడని బడిని మూసెయ్యం కదా!

ఈ పని మన నేలకు కొత్తదీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఒక జీవితాన్నే ఆ ఉద్యమానికి ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవ మీద గ్రంథాలయాన్ని కాలవగట్టు పల్లెలకు నడిపించారు. వారికి డబ్బు లేదు, కరెంటు లేదు. పాఠకుడి దగ్గరికి మనమే వెళ్ళాలన్న పట్టుదల ఉంది. శుక్రవారపు కాగితం ఆ పడవకు వారసురాలు.

వచ్చేవారం మా బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఈసారి నేను లేచి ఆవిడను తిరిగి పిలవమని అడగదలచుకున్నాను. మీ పిల్లల బడికి వెళ్ళినప్పుడు మీరూ అడగండి. కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని, పుస్తకాలు ఎన్ని ఉన్నాయని అడిగితే అంకెలు చెప్పి పంపేస్తారు. గ్రంథాలయంలో ఎవరు కూర్చుంటారని అడగండి.