ముందు భాష పేరు, తర్వాతే ముస్తాబు

ఈసారి వ్యాకరణం గురించి కాదు, డేటా గురించి రాస్తున్నాను. నాలాగా ఇంట్లో వాళ్ల మాటలు పోగుచేసుకునే వాళ్లకి ఇది పనికొస్తుంది.

మా సస్కటూన్‌లో రొట్టె ప్యాకెట్ మీద రెండు భాషలుంటాయి. పి, ఏ, ఐ, ఎన్. ఈ నాలుగు అక్షరాలకి ఫ్రెంచిలో రొట్టె అని అర్థం, ఇంగ్లీషులో నొప్పి అని. మనం ప్యాకెట్ చూసి తెలుసుకుంటాం. కంప్యూటర్‌కి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

లింక్డ్ డేటాలో అలా చెప్పే పద్ధతి ఉంది. దాని ప్రమాణం పేరు ఆర్‌డీఎఫ్. అందులో ప్రతి విషయం మూడు ముక్కలు: దేని గురించి, ఏ సంబంధం, ఏమిటి. మూడో ముక్కలో మాటలో అంకెలో రాస్తే దాన్ని లిటరల్ అంటారు. ప్రతి లిటరల్‌కీ ఒక డేటాటైపు ఉంటుంది. 2014లో వచ్చిన ఆర్‌డీఎఫ్ 1.1 ప్రకారం, మనం ఏ టైపూ చెప్పకపోతే అది స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరుస. భాష ట్యాగు తగిలిస్తే లాంగ్‌స్ట్రింగ్ అవుతుంది. తెలుగు ట్యాగు రెండే అక్షరాలు: టీ, ఈ.

ట్యాగు ఉన్న "పప్పు", ట్యాగు లేని "పప్పు" మనకి ఒకటే. ఆర్‌డీఎఫ్‌కి అవి రెండు వేరు. తెలుగు మాటలన్నీ ఇవ్వమని అడిగితే ట్యాగు లేని పప్పు రాదు.

మరి అమ్మ వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో రాసే తెలుగు సంగతేంటి? అదీ తెలుగే. తెలుగు ట్యాగు పక్కన చిన్న గీత పెట్టి లాటిన్ లిపి గుర్తు చేర్చవచ్చు. సస్కటూన్ అనే పేరు ఒక పండుకి క్రీ భాషలో ఉన్న పేరు నుంచి వచ్చింది. క్రీని లాటిన్ అక్షరాల్లోనూ రాస్తారు, వాళ్ల సిలబిక్స్ లిపిలోనూ రాస్తారు. లిపి మారినంత మాత్రాన భాష మారదు.

ఇప్పుడు నా అభిప్రాయం. చాలామంది మాటకి ముందు ముస్తాబు చేస్తారు. బోల్డ్ చేస్తారు, రంగు వేస్తారు, మొత్తం హెచ్‌టీఎంఎల్‌గా దాస్తారు. దానికీ ఆర్‌డీఎఫ్‌లో ఒక డేటాటైపు ఉంది. కానీ ఇక్కడే చిక్కు. ఆర్‌డీఎఫ్ 1.1లో భాష ట్యాగు లాంగ్‌స్ట్రింగ్‌కి మాత్రమే ఉంటుంది. హెచ్‌టీఎంఎల్ టైపు పెడితే బయట భాష ట్యాగు పెట్టడానికి వీల్లేదు. భాషని ఆ హెచ్‌టీఎంఎల్ లోపల, లాంగ్ అనే గుర్తుతో రాయాలి. తెలుగు ట్యాగున్న లిటరల్స్ కోసం వెతికే ప్రశ్న ఆ లోపలికి తొంగిచూడదు. బోల్డ్ అక్షరాల కోసం మనం తెలుగుని దాచేసినట్టే!

ముస్తాబు అస్సలు వద్దని నేను అనను. మా అమ్మమ్మ పులుసు ఎలా చెయ్యాలో రాస్తే వరుస అంకెలు కావాలి. పైగా ఆవిడ మాటల్లో "కుక్కర్", "విజిల్" కూడా వస్తాయి. ఒకే వాక్యంలో ఏ ముక్క ఏ భాషో విడివిడిగా చెప్పాలంటే హెచ్‌టీఎంఎల్ లాంటిది కావాల్సిందే. ఒక లాంగ్‌స్ట్రింగ్‌కి ఒక్క ట్యాగే పడుతుంది.

అందుకే రెండూ ఉంచమంటాను. వంట పేరు, మాట, అర్థం ముస్తాబు లేకుండా భాష ట్యాగుతో ఒక చోట. చేసే విధానం హెచ్‌టీఎంఎల్‌లో, లోపల భాష గుర్తుతో ఇంకో చోట. 2012లో మొదలైన వికీడేటాలో కూడా ప్రతి అంశం పేరు భాషల వారీగానే ఉంటుంది, ముస్తాబు లేకుండా.

మన పిల్లలు రేపు అమ్మమ్మ మాటల కోసం వెతికేటప్పుడు రంగు చూసి వెతకరు, తెలుగు అని వెతుకుతారు. మీ పట్టికలో ఇప్పటికే వంద మాటలుంటే, ఈ వారం వాటికి రంగులు మార్చకండి. ఒక్కొక్క దానికీ ఆ రెండక్షరాలు తగిలించండి.